గెలిచినవాడి పార

"సాఫ్ట్ పహిల్వాన్ వస్తున్నడు, బాట మెత్తగ చేయుండ్రి!"

వీధి చివర చాయ్ హోటల్ దగ్గర ఎవరో అరిచారు. అరిచినవాడి వెనక పదిమంది నవ్వారు. పొద్దు ఇంకా పూర్తిగా పొడవనే లేదు, అప్పుడే ఊరికి నవ్వు కావాల్సి వచ్చింది.

సంగప్ప భుజాన పార పెట్టుకుని నడుస్తున్నాడు. ఆగలేదు, తల తిప్పలేదు. కాకపోతే పార కామ మీద పిడికిలి కొంచెం బిగిసింది.

జహీరాబాద్ దాటి కన్నడ సరిహద్దు వైపు పోతే ఎర్రమట్టి నేలలు వస్తాయి. అల్లం, చెరుకు, ఆలుగడ్డ అక్కడ ఎంత బాగా పండుతాయో పహిల్వాన్లూ అంత బాగా పండుతారు. ఆ నేలల్లోని బేగంవాడలో చాంద్ సాబ్ ఉస్తాద్ తాలీం ఉంది. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. నాలుగు రేకులు, ఒక గోడ, మధ్యలో మన్ను నింపిన బరి. అంతే. ఆ బరిలో తయారైన శిష్యుల్లో ఇప్పటికి చేతికందొచ్చినవాడు సంగప్పే.

వాడిది ఒక పట్టు ఉంది. ఎదుటివాణ్ని ఒడుపుగా భుజం మీదికెత్తుకుని, చాకిరేవులో బట్ట ఉతికినట్టు నేలకు వేస్తాడు. ధోబీపాట్ అంటారు దాన్ని. సంగప్ప భుజం మీదికెక్కినవాడు ఆకాశం చూడటమే గాని తప్పించుకున్నది లేదు.

మరి అంతటివాణ్ని సాఫ్ట్ పహిల్వాన్ అని ఎందుకన్నారంటారా? అది జాతరలో జరిగిన కథ.

పక్క ఊరి జాతరలో కుస్తీలు పెడితే చూడాలి. పొద్దున చిన్నపిల్లలకు కొబ్బరికాయ కుస్తీతో మొదలవుతుంది, పొద్దుగూకే వేళకు వెండి కడియం కుస్తీతో ముగుస్తుంది. ఆ కడియం కుస్తీకి ఈసారి సంగప్ప పేరు పిలిచారు. డప్పులు మోగాయి. సంగప్ప లంగోటి బిగించి తొడ చరిచాడు. అవతలివాడూ చరిచాడు.

సరిగ్గా అప్పుడు చాంద్ సాబ్ ఉస్తాద్ మెల్లగా లేచి వచ్చాడు. పొద్దున్నుంచీ తొక్కి తొక్కి బండలా అయిన బరిని కాలి బొటనవేలితో గీకి చూశాడు. సంగప్ప చేతిలో పార పెట్టాడు.

"తవ్వు" అన్నాడు.

ఇన్ని వేలమంది ముందు కడియం కుస్తీకి దిగిన పహిల్వాన్ వంగి మన్ను తవ్వాడు. ఇక మైకు ముందున్నది ఎవరనుకున్నారు, విఠల్ కంపౌండర్. మామూలు రోజుల్లో బేగంవాడ దవాఖానాలో పట్టీలు కట్టే మంచి మనిషే. మైకు చేతికొస్తే మాత్రం ఆయనకు ఇంగ్లీషు పూనుతుంది.

"కుస్తీకొచ్చిండ్రా, ఆలుగడ్డలు పెట్టనీకొచ్చిండ్రా?" అని మైకులో అడిగాడు. "చాంద్ సాబ్ తాలీం అంటే సాఫ్ట్ తాలీం!"

జాతర జాతరంతా విరగబడి నవ్వింది. సంగప్ప ఆ సాయంత్రం మన్ను తిరగేశాడో సిగ్గు తిరగేశాడో వాడికే తెలియదు. తరువాత పట్టు దొరకలేదు, కాలు నిలవలేదు. చీకటి పడే దాకా ఇద్దరూ తోసుకున్నారు. చివరికి పెద్దలు జోడీ బరాబర్ అని చెప్పి కడియాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టేశారు.

కడియం పెట్టెలోకి పోయింది గాని ఆ మాట మాత్రం ఊళ్ళోకి వచ్చేసింది.

సంగప్పకు ఆ మాట కొత్తది కాదు. ఇన్నాళ్ళూ చెవిన పడుతున్నా పట్టించుకోలేదు, ఇప్పుడేమో ఎటు తిరిగినా అదే. బేకరీవాడు బన్ను నొక్కి చూపించి సాఫ్ట్‌గ ఉంది తీస్కో అంటాడు. బట్టల దుకాణంలో సేటు చీర కొంగు చెంపకు ఆనించుకుని సాఫ్ట్ కాటన్ అంటాడు. పక్కింటి పిల్లకు సంబంధం తెచ్చిన పెద్దమనిషి, పిల్లగాడు మస్తు సాఫ్ట్, గట్టిగ దగ్గనన్న దగ్గడు అని పొగుడుతాడు. కంపౌండర్ అయితే సూది పొడిచిన ప్రతిసారీ సాఫ్ట్‌గ పొడిచిన గద అని అడుగుతాడు, పొడిపించుకున్నవాడు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అవునంటాడు.

బన్నుకు మంచిది, బట్టకు మంచిది, కొత్త అల్లుడికి కూడా మంచిదే. ఒక్క పహిల్వాన్‌కే తిట్టు ఎట్లయిందో సంగప్పకు అర్థం కాలేదు. వాళ్ళ నాయనమ్మను అడిగితే ఆమె వక్క నములుతూ, "మెత్తగుంటె మొత్తబుద్ధయితది, ఊరికే అన్నరా" అంది. ఆ ఒక్క మాటతో వాడి మనసు ఇంకా కుతకుతలాడింది.

ఆ కుతకుతలోనే బస్తీ నుంచి కబురొచ్చింది. బస్తీలో పెద్ద తాలీం ఉంది, దాని పెద్ద పహిల్వాన్ జాతరలో సంగప్పను చూశాడట. మా దగ్గరికి వచ్చెయ్యి, మా దగ్గర గెలిచినోడు పాలు తాగుతడు, ఓడినోడు మన్ను తవ్వుతడు అని చెప్పి పంపాడు.

న్యాయమంటే అదీ అనుకున్నాడు సంగప్ప.

ఎందుకంటే చాంద్ సాబ్ తాలీంలో రివాజు తలకిందులు. అక్కడ గెలిచినవాడే మర్నాడు పొద్దున వచ్చి బరి తవ్వాలి. ఓడినవాడు హాయిగా గట్టు మీద కూర్చుని వేపపుల్ల నమలొచ్చు. ఇంకో వింత, చేరిన రోజున ఎక్కడైనా లంగోటి చేతికిస్తారు, చాంద్ సాబ్ పార ఇస్తాడు. తాలీం విడిచిపోయేవాడు ఆ పారను ఉస్తాద్ కాళ్ళ ముందు పెట్టి పోవాలి. సంగప్ప రోజూ గెలుస్తాడు గనక రోజూ తవ్వుతాడు. వాడితో జోడీ పట్టే బాలప్ప రోజూ ఓడిపోతాడు గనక రోజూ వేపపుల్ల నములుతాడు. బాలప్పకు దాని గురించి ఏ బాధా ఉన్నట్టు కనబడదు, అది సంగప్పకు ఇంకో మంట.

అందుకే ఆ పొద్దున సంగప్ప ఒక నిర్ణయంతో నడుస్తున్నాడు. ఈ ఒక్కపూటా తవ్వేసి, పార ఉస్తాద్ కాళ్ళ ముందు పెట్టేసి, ఎనిమిది గంటల బస్సెక్కెయ్యాలి.

తాలీంకు వచ్చాడు. ఎవరూ లేరు. బరిలోకి దిగాడు.

బరి తవ్వడమంటే నాలుగు దెబ్బలు వేసి రావడం కాదు. మూరెడు లోతు తిరగెయ్యాలి. గడ్డలు చిదపాలి. రాయి తగిలితే ఏరి బయట వెయ్యాలి. మజ్జిగ, నువ్వుల నూనె, పసుపు చల్లి మళ్ళీ తిరగెయ్యాలి. అప్పుడుగాని మన్ను జల్లించిన పిండిలా కాదు.

సంగప్ప ఆ పూట అదేమీ చెయ్యలేదు. నాలుగు వేళ్ళ మందం పైపైన గీకాడు. ఇన్ని నీళ్ళు చిలకరించాడు. పసుపు చల్లి, చెక్కతో చదును చేశాడు. పైకి చూస్తే పెళ్ళిపీట వేసినట్టు ఉంది. కింద తొక్కుడుకు గట్టిపడ్డ మన్ను బండలాగానే ఉంది.

ఇవ్వాళ ఇందులో ఎవడన్నా పడతాడా ఏంది, నేను పార ఇచ్చి పోవుడే గద అనుకున్నాడు. తను పోయాక బాలప్పా మిగిలినవాళ్ళూ ఇందులోనే దిగుతారన్న సంగతి వాడికి తట్టలేదు. కోపం ఉన్నచోట పక్కవాడికి జాగా ఉండదు.

పొద్దుటి నమాజు చేసుకుని చాంద్ సాబ్ ఉస్తాద్ వచ్చాడు. తెల్లని గడ్డం, బక్కపలచని ఒళ్ళు. ఈయన ఒకప్పుడు పెద్ద పెద్ద పహిల్వాన్లను పడేశాడంటే కొత్తవాళ్ళు నమ్మరు. ఆయన చెవులు చూస్తే నమ్ముతారు. కుస్తీల్లో నలిగి నలిగి ఎండిన మొగ్గల్లా ముడుచుకుపోయి ఉంటాయి. ఆయన వెనకే బాలప్ప వచ్చాడు, నోట్లో వేపపుల్లతో.

"ఉస్తాద్, ఒక మాట అడగాలె" అన్నాడు సంగప్ప.

"అడుగు బిడ్డా."

సంగప్ప మొత్తం వెళ్ళగక్కాడు. జాతరలో నలుగురూ నవ్వడం, మైకులో మాట, చాయ్ హోటల్ దగ్గర అరుపు, నాయనమ్మ సామెత, బస్తీ కబురు, అన్నీ. చివరికి అసలు మాట బయటికొచ్చింది.

"గెలిచినోడు తవ్వుడేంది ఉస్తాద్? మెత్తగున్నోళ్ళను లోకం బతకనియ్యదు. నేను బస్తీ తాలీంకు పోత."

పారను ఆయన కాళ్ళ ముందు పెట్టాడు.

బాలప్ప నోట్లో పుల్ల ఆగిపోయింది. ఉస్తాద్ మాత్రం పార వైపు చూశాడు. దాని కామ సంగప్ప అరచేతుల్లో అరిగి అరిగి నునుపు తేలి ఉంది. పోవద్దు అనలేదు, పో అనలేదు.

"మన్ను తయారేనా?" అని అడిగాడు.

"తయారే ఉస్తాద్."

"అయితే సలామీ కుస్తీ పట్టి పో."

విడిచిపోయే శిష్యుడు ఉస్తాద్‌తో ఒక్కసారి జోడీ పట్టి పోవడం ఆ తాలీంల మర్యాద. దాన్నే సలామీ అంటారు. మామూలుగా అయితే చేతులు కలిపి, కాస్త మెడలు పట్టుకుని, దండం పెట్టుకుని విడిపోతారు. సంగప్ప అంతే అనుకున్నాడు. ఉస్తాద్ చొక్కా విప్పి మడతపెట్టి గోడ మీద పెడుతుంటే గాని వాడికి సంగతి తెలియలేదు. ఆయన నిజంగానే లంగోటి బిగిస్తున్నాడు.

బరిలోకి దిగి ఉస్తాద్ వంగాడు. మన్ను తీసి నుదుట రాసుకోవడం ఆయన అలవాటు. రోజూ అయితే ఆయన చెయ్యి మణికట్టు దాకా మన్నులోకి దిగేది. ఇవ్వాళ వేళ్ళ కణుపుల దగ్గరే ఆగిపోయింది.

సంగప్ప చూశాడు. ఉస్తాద్ వాడి వైపు చూడలేదు. అందిన కాస్త మన్నునే నుదుట రాసుకుని, ఇంకొంచెం సంగప్ప తల మీద చల్లాడు, దీవెనగా.

ఆ క్షణాన చెప్పేసి ఉంటే అయిపోయేది. ఉస్తాద్, ఆగండ్రి, నేను సరిగ తవ్వలే అంటే ఏం పోయేది? కాని అసలైన మాట అవసరమైనప్పుడే గొంతులో అడ్డం పడుతుంది.

ఊరికి ఎవరు చెప్పారో, చెప్పకుండానే తెలిసిందో, చాయ్ హోటల్ కాడి జనమంతా వచ్చేశారు. విఠల్ కంపౌండర్ చాయ్ గ్లాసుతో సహా వచ్చాడు. తాలీంను ఆనుకునే ఉస్తాద్ ఇల్లు. వంటింట్లోంచి ఆయన భార్య హలీమ్‌బీ జొన్నపిండి చేతులతోనే బయటికొచ్చి మొత్తుకుంది. పొద్దున మంచం మీంచి లేవాలంటే మూలిగే మనిషి ఇప్పుడు కుస్తీ పడతాడట, ఈయనకు మతి ఉందా అని అందరినీ అడిగింది. అందరూ నవ్వారు.

చేతులు కలిశాయి.

సంగప్ప ఊరికే తాకీ తాకనట్టు పట్టాడు. ఉస్తాద్ అట్లా పట్టలేదు. ఆ బక్క చేతులు ఎక్కణ్ణుంచి వచ్చాయో గాని వచ్చి సంగప్ప మెడను కిందికి వంచాయి. జనం ఈలలు వేశారు. విడిపించుకుంటే మోకాలి వెనక తట్టాయి, సంగప్ప తూలిపోయాడు. ముసలాయన నవ్వుతున్నాడు. ఆయన ఒంట్లో వయసు పోయింది గాని ఒడుపు పోలేదు.

అంతలో జనంలోంచి ఎవడో సన్నగా, "సాఫ్ట్, సాఫ్ట్" అన్నాడు.

సంగప్పకు చెవుల్లో పొయ్యి రాజుకున్నట్టయింది. ఎదురుగా ఉన్నది ఎవరో మరిచిపోయాడు. ఉస్తాద్ కుడిచెయ్యి కాస్త ముందుకొచ్చింది. ఆయన ఇచ్చాడో, వీడే పట్టుకున్నాడో ఆ సంగతి దేవుడికెరుక. చెయ్యి దొరికింది, నడుము తిరిగింది, ఉస్తాద్ సంగప్ప భుజం మీదికెక్కాడు.

ఎండిన చొప్పమోపంత బరువు కూడా లేడు.

ఇక మిగిలింది నేలకు వెయ్యడమే. జనం ఊపిరి బిగపట్టారు. సంగప్ప బలం కోసం మడమ నొక్కిపెట్టాడు. మడమ కింద పైమన్ను పక్కకు జరిగింది. బండ తగిలింది. చల్లగా, గట్టిగా.

బరిలో ఎక్కడ మెత్తగా ఉందా అని సంగప్ప కళ్ళు వెతికాయి. ఎక్కడా లేదని వాడికి తప్ప ఎవరికి తెలుసు? చేసింది వాడే.

"ఏందిరా" అంది చెవి దగ్గర ఉస్తాద్ గొంతు. భుజం మీద తలకిందులుగా వేలాడుతూ కూడా ఆయన గొంతు నిమ్మళంగానే ఉంది. "పడెయ్యి. తయారన్నవ్ గద."

సంగప్ప పడెయ్యలేదు. పడెయ్యలేక, దించలేక కాసేపు అట్లాగే నిలబడ్డాడు. తరువాత ఉస్తాద్‌ను మోసుకుంటూనే మెల్లగా బరి దాటి వచ్చి, గోడ పక్కనున్న నులకమంచం మీద, నిద్రపోయే పిల్లవాణ్ని పడుకోబెట్టినట్టు దించాడు.

జనానికేమీ అర్థం కాలేదు. ఇదేం పట్టు, ఎవరు గెలిచినట్టు, జోడీ బరాబరా అని కంపౌండర్ అడిగాడు.

ఉస్తాద్ మంచం మీద లేచి కూర్చుని, "హలీమా, ఇంత చాయ్ పొయ్యి" అన్నాడు.

సంగప్ప వంగి, ఇందాక ఉస్తాద్ కాళ్ళ ముందు పెట్టిన పార తీసుకున్నాడు. బరిలోకి దిగి ఒక దెబ్బ వేశాడు.

టంగుమంది.

ఆ చప్పుడు అందరూ విన్నారు. పసుపు చల్లిన మన్నులోంచి రావాల్సిన చప్పుడు కాదది. బాలప్ప గట్టు మీంచి లేచి వచ్చి బరి అంచున నిలబడ్డాడు. పైకి తేలిన ఎర్రగడ్డను చూశాడు. సంగప్పను చూశాడు.

"అన్నా" అన్నాడు మెల్లగా, "ఇయ్యాల నేను దిగేది ఇందులకేనా?"

సంగప్ప తలెత్తలేదు. బాలప్పను తను ఎన్నిసార్లు పడేశాడో లెక్కలేదు. పడ్డ ప్రతిసారీ బాలప్ప వీపు దులుపుకుని నవ్వుతూ లేచేవాడు, ఇంకోపాలి పట్టు అన్నా అనేవాడు. వాడి ఒళ్ళే అంత మొద్దు ఒళ్ళు అనుకునేవాడు సంగప్ప, ఇన్నాళ్ళూ.

ఇంకో దెబ్బ వేశాడు. ఇంకోటి. చెమట కళ్ళల్లోకి దిగింది, తుడుచుకోలేదు. బాలప్ప నోట్లో పుల్ల పారేసి బరిలోకి దిగి రాళ్ళు ఏరసాగాడు. ఎనిమిది గంటల బస్సు రోడ్డు మీద హారన్ కొట్టి, ఆగి, పోయింది. సంగప్ప పార ఆగలేదు. గడ్డ అన్నది లేకుండా చిదిపాడు. మజ్జిగ పోశాడు, నూనె చల్లాడు, మళ్ళీ అడుగు నుంచి తిరగేశాడు. తాలీం అంతా పసుపు వాసన, మజ్జిగ వాసన. జనంలో పనులున్నవాళ్ళు పోవాలి నిజానికి, కాని ఒక్కరూ పోలేదు.

అయ్యాక సంగప్ప వచ్చి ఉస్తాద్ ముందు నిలబడ్డాడు. తయారు అని ఈసారి నోటితో చెప్పలేదు.

ఉస్తాద్ చాయ్ సాసర్ కింద పెట్టి లేచాడు. హలీమ్‌బీ అడ్డం వచ్చి నిలబడింది.

"జరుగు" అన్నాడాయన. "రోజు వీడు బాలప్పను ఎత్తేస్తుంటె చూసి మురిసినవ్. బాలప్ప తల్లి ఎన్నడన్న అడ్డమొచ్చిందా?"

హలీమ్‌బీ జరిగింది. కళ్ళు మాత్రం మూసుకుంది.

ఉస్తాద్ బరిలోకి దిగి వంగాడు. చెయ్యి పెట్టాడు. మణికట్టు మునిగింది, ఇంకా దిగింది. పిడికెడు మన్ను తీసి నుదుట రాసుకున్నాడు.

"ఇప్పుడు పడెయ్యి."

సంగప్ప ఎత్తాడు. ఈసారి వాడి కళ్ళు నేలను వెతకలేదు. జాతర నవ్వు, మైకులో మాట, కడియం, నాయనమ్మ సామెత, పొద్దుటి అబద్ధం, ఒంట్లో ఉన్న బలమంతా ఒక్కటి చేసి తిప్పి వేశాడు.

ధబ్బుమంది. ఎర్రదుమ్ము లేచింది.

దుమ్ము అణిగేసరికి ఉస్తాద్ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాయి. కదలడం లేదు.

సంగప్ప అక్కడే కొయ్యబారిపోయాడు. విఠల్ కంపౌండర్ గ్లాసు గోడ మీద పెట్టి పరుగెత్తి వచ్చాడు. మైకు ముందు ఎట్లా ఉంటాడో గాని రోగి ముందు ఆయన వేరే మనిషి. మోకాళ్ళ మీద కూర్చుని ఉస్తాద్ మెడ పట్టి చూశాడు, పక్కటెముకలు తడిమాడు, కడుపు మీద అరచెయ్యి ఆనించి నాలుగు పక్కలా నొక్కి చూశాడు.

"సాఫ్ట్‌గనే ఉంది" అన్నాడు. "కడుపు సాఫ్ట్‌గ ఉంది. భయం లేదు."

ఆ మాటకు ఒక్కరూ నవ్వలేదు. సంగప్ప మన్నులో కూలబడ్డాడు.

"ఇంకోపాలి చెప్పు కంపౌండర్ సాబ్."

"ఏం చెప్పాలె?"

"గదే."

కంపౌండర్ వాడి ముఖంలోకి చూశాడు. "సాఫ్ట్‌గ ఉంది బిడ్డా" అన్నాడు, ఈసారి మైకు గొంతుతో కాకుండా.

అప్పటికే కంపౌండర్ చేతి కింద ఆ కడుపు కదులుతోంది. ఉస్తాద్ నవ్వుతున్నాడు. "చక్కిలిగింతలు పెట్టకురా విఠలూ" అంటూ లేచి కూర్చున్నాడు. గడ్డంలోంచి మన్ను దులుపుకున్నాడు, నోట్లో పడ్డది ఉమ్మేశాడు. సంగప్ప వైపు తిరిగాడు. పెళ్ళికొడుకు తండ్రి ముఖంలో ఉంటుందే, అటువంటి సంబరం ఆ ముసలి ముఖంలో ఉంది.

"నా ఉమర్‌ల ఇంత గట్టిగ నన్నెవ్వడు పడెయ్యలె."

హలీమ్‌బీ కళ్ళు తెరిచి, ముందు మొగుణ్ని తిట్టింది, తరువాత సంగప్పను తిట్టింది, తరువాత చూస్తూ నిలబడ్డందుకు ఊరినంతా తిట్టింది. తిట్టి, ఒక్కరు కూడా తినకుండా కదలొద్దని చెప్పి లోపలికి పోయింది. ఆమె కోపం వచ్చినప్పుడు చేసే రొట్టెలు ఎంత బాగుంటాయో బేగంవాడ అంతటికీ తెలుసు. సలసలా కాగిన నీళ్ళు పోసి, చెయ్యి కాలుతున్నా ఆగకుండా పిండి పిసుకుతుంది. అందుకే ఆమె జొన్నరొట్టె సాయంత్రానికి కూడా అంచు విరగదు.

తాలీం ముందే బొంత పరిచారు. పుంటికూర వచ్చింది, పల్లీల పొడి వచ్చింది, పిడికిలితో గుద్దిన ఉల్లిగడ్డలు వచ్చాయి. నాకు సాఫ్ట్‌ది వెయ్యమ్మా అన్నాడు కంపౌండర్, అని నాలుక కరుచుకుని సంగప్ప వైపు చూశాడు. సంగప్ప తనే గంపలోంచి మెత్తని రొట్టె ఏరి ఆయన ముందు వేశాడు.

పార ఉస్తాద్ కాళ్ళ దగ్గర లేదు. తాలీం గోడకున్న మేకుకు వేలాడుతోంది. బాలప్ప అది చూసి, చూడనట్టు అడిగాడు.

"మరి రేపు తవ్వుడు ఎవరి వంతు?"

"గెలిచినోనిది" అన్నాడు సంగప్ప.

హలీమ్‌బీ ఇంట్లోంచి తలకింద పెట్టుకునే మెత్త ఒకటి తెచ్చి ఉస్తాద్ ముందు పడేసింది, దాని మీద కూర్చోమని. నడుము నొస్తలేదంటే ఆమె వినదు. ఉస్తాద్ దాన్ని అటూ ఇటూ చూసి సంగప్ప ముందుకు జరిపాడు.

సంగప్ప ఆ మెత్తను చేతిలోకి తీసుకుని కాసేపు పట్టుకున్నాడు. తరువాత పక్కకు వంగి బాలప్ప ముందు పెట్టాడు.

"నాకెందుకన్నా?" అన్నాడు బాలప్ప.

"కూసో."

బాలప్ప కూర్చున్నాడు. రొట్టెలు అందరి ముందుకూ వచ్చినా ఉస్తాద్ ఇంకా తుంచలేదు, వంటింటి గడప వైపే చూస్తున్నాడు. హలీమ్‌బీ చేతుల పిండి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, గొణుక్కుంటూనే వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

అప్పుడాయన బిస్మిల్లా అని రొట్టె తుంచాడు.